ముందు చూపండి, తరువాత అడగండి, ఆ తరువాతే టీకా

(తిరుపతిలో ముస్లిం తల్లిదండ్రులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపకార వేతనాల గురించి, ఉర్దూ పాఠశాలల గురించి తరచుగా మాట్లాడుకుంటాం. ఆడపిల్ల ఆరోగ్యం మాత్రం మన హక్కుల జాబితాలో చివరి వరుసలో కూడా కనిపించదు. అది ఇంటి లోపలి విషయమని, ఆడవాళ్లు చూసుకుంటారని పక్కన పెట్టేస్తాం. ఈ రోజు నాకు అప్పగించిన అంశం హెచ్.పి.వి. టీకా. ఆ టీకా గురించి కిశోర బాలికలకు, వారి కుటుంబాలకు తెలియజెప్పడానికి వీడియోలను ఎలా వాడుకోవాలో చెప్పమన్నారు. నేను చెప్పదలచినది ప్రధానంగా ఒక్కటే. వీడియో అన్నది కుటుంబం సమ్మతికి దారి చూపాలే గాని, ఆ సమ్మతి స్థానాన్ని ఆక్రమించకూడదు. ఈ మాటను మరచినందువల్ల మన తెలుగు నేల మీదనే ఒకసారి ఎంత నష్టం జరిగిందో మీ ముందు ఉంచుతాను.

వ్యాధి, టీకా

గర్భాశయానికి దిగువన ఉండే ద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అంటారు. ఆసుపత్రుల్లో సర్వైకల్ క్యాన్సర్ అంటున్నది దీనినే. మన దేశ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తరువాత ఎక్కువగా కనిపించేది ఇదే. ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలలో ఇది కొత్తగా బయటపడుతోంది. 75,000 మందికి పైగా దీనివల్ల మరణిస్తున్నారు. సాధారణంగా ఇది నడి వయసులో బయటపడుతుంది. కూతురి నిఖా మాటలు సాగవలసిన రోజుల్లో తల్లి మంచం పడుతుంది. తెల్లబట్ట దుర్వాసనతో అవుతున్నా, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించినా, ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తస్రావం జరిగినా మన తల్లులు బయటికి చెప్పరు. చెప్పేనాటికి వ్యాధి ముదిరిపోయి ఉంటుంది. అప్పుడిక తిరుపతి స్విమ్స్‌కో, 2022లో అలిపిరి దగ్గర ప్రారంభమైన టాటా వారి క్యాన్సర్ ఆసుపత్రికో, వేలూరు సి.ఎం.సి.కో పరుగులు తీస్తాం. వైద్యానికి ప్రభుత్వ పథకం ఆదుకోవచ్చు. దారి ఖర్చులకు, పోయిన కూలికి, ఇంట్లో చిన్నపిల్లల ఆలనాపాలనకు ఏ కార్డూ పనికిరాదు.

ఈ క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. దానినే క్లుప్తంగా హెచ్.పి.వి. అంటారు. దానిలో అనేక రకాలున్నాయి. 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం వ్యాధికి కారణం. వైరస్ సోకినవారిలో చాలామందికి అది ఒకటి రెండు సంవత్సరాల్లో దానంతట అదే తొలగిపోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేసి, 15, 20 సంవత్సరాల కాలంలో నెమ్మదిగా క్యాన్సర్‌గా మారుతుంది. టీకా వైరస్‌ను రాకుండా అడ్డుకుంటుంది. వచ్చిన వైరస్‌ను వెళ్లగొట్టలేదు. కనుకనే 9 నుంచి 14 ఏళ్ల వయసు అనువైనదని వైద్యులు నిర్ణయించారు.

ఫలితం ఏమిటని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా అందుకున్న తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. మన దేశంలో సిక్కిం రాష్ట్రం 2018లో పాఠశాలల ద్వారా టీకా ఇచ్చి, అర్హులైన బాలికల్లో 95 శాతానికి పైగా చేరుకుంది. పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. 2024 ఫిబ్రవరి 1న కేంద్రం తన మధ్యంతర బడ్జెట్‌లో ఈ టీకాను ప్రోత్సహిస్తామని ప్రకటించింది.

ఇంత మేలు చేసే టీకా పేరు వినగానే తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది ఎందుకు వెనుకంజ వేస్తారు? కారణం తెలియాలంటే ఖమ్మం వెళ్లాలి.

ఖమ్మం నేర్పిన పాఠం

2009 జూలైలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా ఇచ్చే ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని నడిపాయి. దాదాపు 14,000 మంది బాలికలకు టీకా ఇచ్చారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదువుకునే ఆదివాసీ బిడ్డలు ఎందరో ఉన్నారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటి కార్యక్రమమే సాగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలు, మహిళా సంఘాల ఆందోళన దేశాన్ని కుదిపివేశాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది.

ఇక్కడ రెండు విషయాలను కలిపి పట్టుకోవాలి. మొదటిది, ఆ మరణాలకు టీకాయే కారణమని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం నిర్ధారించలేదు. నీటిలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటికి వచ్చాయి. రెండవది, సమ్మతి తీసుకున్న తీరు ఘోరంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారమంతటినీ, మరణాల మీద విచారణ జరిగిన పద్ధతిని సైతం తీవ్రంగా తప్పుపట్టింది.

వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదువురాని తల్లికీ సమ్మతి చెప్పే హక్కు ఉంది, నిరాకరించే హక్కూ ఉంది. ఆమెకు ఎవరు, ఏ భాషలో, ఎంతసేపు వివరించారన్నదే ప్రశ్న. వార్డెన్ సంతకం పెట్టిన చోట ఆ ప్రశ్న వేసే అవకాశమే లేకుండా పోయింది. పేదలు, ఆదివాసీలు, చదువుకోనివారు అయినందువల్లనే వారిని అడగనవసరం లేదని ఎవరో అనుకున్నారు. మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే మనకు ఈ ఆలోచనా ధోరణి కొత్త కాదు.

ఖమ్మం కథకు ఇంకొక మలుపు ఉంది. అదే సమయంలో దేశంలోని వేరే ప్రాంతాల్లో మరొక పరిశోధన సాగుతోంది. అందులో 17,000 మందికి పైగా బాలికలు టీకా తీసుకున్నారు. 2010లో వచ్చిన నిలుపుదల వల్ల ఆ పరిశోధనా మధ్యలో ఆగి, దాదాపు 5,000 మందికి ఒక్క డోసే అందింది. పరిశోధకులు వారిని పదేళ్లపాటు గమనించగా, ఆ ఒక్క డోసు కూడా రెండు మూడు డోసులకు దీటుగా రక్షణ ఇస్తున్నట్లు తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు విధానాన్ని అంగీకరించడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. అంటే మన దేశపు బిడ్డల శరీరాల నుంచి ప్రపంచం ఒక పాఠం నేర్చుకుంది. దాని ఫలం మన బిడ్డలకు అందకపోతే అది రెండవ అన్యాయం అవుతుంది.

అడగకుండా సూది వేయడం మన ఆడపిల్లకు ఒక నష్టం. వదంతి విని సూది వద్దనడం మరొక నష్టం. ఈ రెండింటి నుంచీ ఆమెను కాపాడే మార్గం వెతకాలి.

అనుమానాలకు సమాధానం

మన ఇళ్లలో మూడు అనుమానాలు వినిపిస్తాయి. వాటిని వెక్కిరించి లాభం లేదు.

మొదటిది, ఈ టీకా వేస్తే పిల్లలు పుట్టరని. అత్యవసర పరిస్థితి రోజుల్లో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చూసిన దేశం మనది. ఆ భయానికి చరిత్ర ఉంది. కాని ఈ టీకా విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. ప్రపంచమంతటా కోట్లాది మంది బాలికలు తీసుకున్నారు, సంతానలేమికి కారణమవుతుందని ఎక్కడా రుజువు కాలేదు. నిజానికి సంతానాన్ని దూరం చేసేది ఆ క్యాన్సర్. చికిత్సలో భాగంగా గర్భసంచినే తొలగించవలసి రావచ్చు.

రెండవది, ఇది హలాలా అని. సర్వావాక్, గార్డాసిల్ టీకాలను ఈస్ట్ కణాల సహాయంతో తయారుచేస్తారు. వాటిలో బతికి ఉన్న వైరస్ లేదు, పంది నుంచి తీసిన జెలటిన్ లేదు. మలేసియా 2010 నుంచి పాఠశాలల్లో ఇస్తోంది. బంగ్లాదేశ్, ఇండొనేసియా 2023లో, పాకిస్తాన్ 2025లో తమ కార్యక్రమాలను చేపట్టాయి. ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన లక్ష్యాల్లో ఒకటని మన ఉలమాలు చెప్తూనే ఉన్నారు. ఇంకా సందేహం ఉన్నవారు మీ మస్జిద్ ఇమామ్ గారిని, ఒక లేడీ డాక్టర్‌ను ఒకే చోట కూర్చోబెట్టి అడగండి.

మూడవది అందరూ మనసులో అనుకొని బయటికి అనని మాట. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది కదా, పద్ధతిగా పెరిగిన మా పిల్లకు ఇదెందుకని. అమ్మలారా, జీవితమంతా ఒక్క భర్తతోనే గడిపిన స్త్రీకి కూడా ఈ వ్యాధి రావచ్చు. వైరస్ ఆమె నడవడిని చూసి రాదు. టీకా వేయించడం బిడ్డను శంకించడం కాదు. ఆమె ఏ ఇంటికి కోడలిగా వెళ్తుందో మనకు తెలియదు, ఎక్కడికి వెళ్లినా క్షేమంగా ఉండాలని ముందుగా చేసే ఏర్పాటు ఇది.

వీడియోకు రెండు ముఖాలు

ఇక వీడియోల విషయానికి వద్దాం. కరపత్రం చదవలేని తల్లికి, సిగ్గుతో డాక్టర్‌ను అడగలేని పిల్లకు వీడియో గొప్ప సాధనం. గర్భాశయం ఎక్కడ ఉంటుందో, వైరస్ ఏమి చేస్తుందో, సూది ఎక్కడ వేస్తారో బొమ్మతో చూపవచ్చు. ఒకే మాటను తిరుపతిలోనూ కలికిరిలోనూ తేడా లేకుండా చెప్పవచ్చు.

అయితే భయాన్ని వ్యాప్తి చేసేది కూడా వీడియోలే. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడు, మనకు సరిహద్దునే ఉన్న తమిళనాడులో వాట్సాప్ వదంతులు తల్లిదండ్రులను ఎంతగానో కలవరపెట్టాయి. 2019 ఏప్రిల్‌లో పెషావర్‌లో పోలియో చుక్కలు వేసుకున్న పిల్లలు స్పృహ తప్పి పడిపోయినట్లు ఒక వీడియో వ్యాపించింది. వేలాదిగా తల్లిదండ్రులు బిడ్డలను ఆసుపత్రులకు మోసుకెళ్లారు, ఒక ఆరోగ్య కేంద్రానికి నిప్పు పెట్టారు. ఒక వ్యక్తి పిల్లలను స్పృహ తప్పినట్లు పడుకోమని చెప్తున్న దృశ్యం తరువాత బయటపడింది.

మరి అబద్ధపు వీడియోకు మంచి వీడియోను ఫార్వర్డ్ చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఫార్వర్డ్ అయిన వీడియోను ఎవరూ ప్రశ్న అడగలేరు. రాయలసీమ కుటుంబాల్లో ఎందరో తండ్రులు, కొందరు తల్లులు కూడా కువైట్‌లో పనిచేస్తున్నారు. రాత్రి పని ముగించుకొని గదికి చేరిన తండ్రి ఫోన్‌లో ఒక భయంకరమైన దృశ్యం చూస్తాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, పిల్లకు సూది వేయించవద్దు అంటాడు. ఆయనకు మరొక వీడియో పంపితే వాదన పెరుగుతుంది. ఆయనను ఏ.ఎన్.ఎం.తోనో డాక్టర్‌తోనో ఫోన్‌లో మాట్లాడించాలి. అప్పుడే ఆయన భయానికి సమాధానం దొరుకుతుంది.

పోలియో నిర్మూలన అనుభవం చెప్పేది ఇదే. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఒకప్పుడు మన కుటుంబాలు చుక్కలను నిరాకరించాయి. ఇమాములు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, వీధి వీధిలోని మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మాట్లాడిన తరువాత తలుపులు తెరుచుకున్నాయి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు లేదు. 2014 మార్చిలో భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

ఎలా చూపాలి?

కార్యకర్తలు రాసుకోవలసిన విషయాలు ఇవి. వీడియో ఏడెనిమిది నిమిషాలు మించకూడదు. భాష మన ఇంటి భాష కావాలి. దూదేకుల కుటుంబాలకు ఇంట్లో తెలుగే. మిగతా ఇళ్లలో మాట్లాడే దక్కనీకి, దిల్లీ ఉర్దూకు చాలా దూరం ఉంది. వీడియోలో మాట్లాడేది సినిమా తార కంటే మన ప్రాంతపు లేడీ డాక్టరో, ఏ.ఎన్.ఎం.నో అయితే మంచిది. రేపు వీధిలో ఎదురైతే అడగడానికి మనిషి ఉండాలి.

దుష్ఫలితాలను దాచవద్దు. సూది వేసిన చోట నొప్పి, వాపు రావచ్చు. జ్వరం, తలనొప్పి రావచ్చు. ఈ వయసు పిల్లలకు సూది భయంతోనే కళ్లు తిరగవచ్చు. కనుక టీకా తరువాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. గతంలో టీకాకు గాని, ఈస్ట్‌కు గాని తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ముందే చెప్పాలి. గర్భిణులకు ఇవ్వరు. ఇవన్నీ చెప్తే జనం భయపడతారని కొందరు అంటారు. చెప్పకుండా దాచి, ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే ఊరంతా భయపడుతుంది. ముందే తెలిసిన తల్లి బిడ్డను పడుకోబెట్టి, నీళ్లు తాగించి, ధైర్యంగా ఉంటుంది.

పదిమంది తల్లులకు మించకుండా, కూతుళ్లతో సహా, వారికి తెలిసిన ఒక ఆపా ఇంట్లో కూర్చోబెట్టండి. వీడియోను మధ్యలో రెండుసార్లు ఆపి, ప్రశ్నలు అడగనివ్వండి. పిల్లలకు విడిగా ఒక పది నిమిషాలు ఇవ్వండి. తల్లి ముందు అడగలేనివి వారికి ఉంటాయి. తండ్రులకు ఇషా నమాజు తరువాత వేరుగా చూపండి. చివర ఒక తల్లిని, ఇది ఏ జబ్బుకు, సూది తరువాత ఏమి కావచ్చు, అయితే ఎవరికి చెప్పాలి అని అడగండి. ఆమె తన మాటల్లో చెప్పలేకపోతే వీడియో పని చేయలేదన్నమాట. సంతకం ఆ రోజే తీసుకోకండి. ఒక రాత్రి ఇవ్వండి. ఇంట్లో మాట్లాడుకోనివ్వండి. చివరికి పిల్లను కూడా అడగండి. సూది వేసేది ఆమె చేతికి.

వద్దన్న కుటుంబాన్ని నిందించకండి, మరునెల మళ్లీ వెళ్లండి. వీడియో చూడటానికి వచ్చిన 30 ఏళ్లు దాటిన తల్లులకు పరీక్షల సంగతి చెప్పండి. టీకా కూతురికి, పరీక్ష తల్లికి. టీకా తీసుకున్న పిల్ల సైతం ఆ వయసు వచ్చాక పరీక్ష చేయించుకోవాలి.

మనం కోరవలసినవి

ప్రభుత్వాన్ని మనం స్పష్టంగా అడగాలి. సమ్మతి పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, చదివి వినిపించాలి. కస్తూర్బా విద్యాలయాల్లో, మైనారిటీ గురుకులాల్లో చదివే మన పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్ గాని ప్రధానోపాధ్యాయురాలు గాని సంతకం చేయకూడదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పాఠశాలల్లో టీకా వేయరాదని 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తట్టు, రుబెల్లా టీకా విషయంలో చెప్పిన మాట మనకు ఆధారం. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉంటే వారితో ఫోన్‌లో మాట్లాడి తెలుసుకునే పద్ధతి ఉండాలి.

బడికి వెళ్లని పిల్లలను మరువకూడదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. టీకా పాఠశాలల్లోనే ఇస్తే ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చున్న బిడ్డకు అందదు. ఆడపిల్లల మదరసాలకూ మొహల్లాలకూ మహిళా సిబ్బంది రావాలి. టీకా తరువాత ఎవరికైనా ఇబ్బంది కలిగితే విచారణ ఫలితాన్ని ఆ కుటుంబానికి రాతపూర్వకంగా తెలపాలి. ఏ పథకానికీ టీకాను షరతుగా పెట్టకూడదు. బయట కొనాలంటే ఒక్కో డోసుకు వేల రూపాయలు అవుతుంది కనుక, అర్హత ఉన్న ప్రతి బిడ్డకు ఉచితంగా అందించాలి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రస్తుతం ఏ వయసు వారికి ఇస్తున్నారో, ఎన్ని డోసులో ఏ.ఎన్.ఎం.ను అడిగి తెలుసుకొని వెళ్లిన తరువాతే వీడియో చూపండి. ఒప్పించిన తల్లికి టీకా లేదని చెప్పవలసి వస్తే మళ్లీ మన మాట నమ్మదు.

సోదర సోదరీమణులారా! బిడ్డలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఈ సభ నుంచి వెళ్లే ప్రతి కార్యకర్త ఈ నెలలో తన వీధిలో ఒక్క సమావేశం జరపాలని కోరుతున్నాను. పదిమంది తల్లులు, వారి కూతుళ్లు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఫోన్ చాలు. ఎంతమంది సంతకం చేశారో నాకు చెప్పనక్కరలేదు. ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, వాటిలో ఏ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం లేకపోయిందో రాసి తీసుకురండి. వచ్చే సమావేశంలో ఆ ప్రశ్నలను డాక్టర్ల ముందు ఉంచి, సమాధానాలు తీసుకొని, మళ్లీ ఆ తల్లుల దగ్గరికే వెళ్దాం.